పాఠకుల ప్రశ్నలు: మళ్లీ రానివారంతా కోలుకున్నవారేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో ఉంటూ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో రెండేళ్ల అడ్మిషన్ రిజిస్టర్లను అనుమతి తీసుకుని చూశాను. డిశ్చార్జి అయినవారిలో ఎంతమంది ఏడాదిలోపు మళ్లీ చేరారో లెక్కపెట్టి, మొత్తం సంఖ్యతో భాగించి శాతం కట్టాను. మా గైడు గారు దాన్ని తిప్పి పంపించి, "ఇది శాతంతో తేలేది కాదు, కాలంతో తేలేది" అన్నారు. ఇంకొక సంగతి. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఊళ్లవారు, కొండమీది గూడేలవారు మిగిలినవారికంటే తక్కువగా మళ్లీ చేరినట్టు నా లెక్కలో వస్తోంది. వారు బాగా కోలుకుంటున్నారని రాయవచ్చునా?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అక్కడ పొరపాటు జరిగితే దాని నష్టం ఆ ఊళ్లవారి మీద పడుతుంది. అలా రాయవద్దమ్మా. వారు ఆ ఆసుపత్రికి, ఆ పేరుతో, ఆ రెండేళ్లలో మళ్లీ రాలేదన్నంతవరకే మీ రిజిస్టరు చెప్పగలదు. మనిషి నిజంగా కుదుటపడి ఉండవచ్చు. జబ్బు తిరగబెట్టినా ఛార్జీలకు డబ్బు లేకో, తోడు వచ్చే మనిషి లేకో ఇంట్లోనే ఉంచేసి ఉండవచ్చు. పాతపట్నం దాటించి శ్రీకాకుళానికో, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకువెళ్లి ఉండవచ్చు. చనిపోయి ఉండవచ్చు. ఈ నాలుగూ రిజిస్టరులో ఒకే ఖాళీ గడిగా కనిపిస్తాయి. రీ-అడ్మిషన్ల అధ్యయనంలో పనికివచ్చే గణాంక పద్ధతులను నేను ఆ ఖాళీ గడిని విడదీసి చదివే సాధనాలుగానే చూస్తాను. మీరూ అలా చూస్తే మీ గైడు గారు కాలం గురించి ఎందుకన్నారో తెలుస్తుంది.

ఊహకు పది మందిని తీసుకుందాం. ఇవి నేను కల్పించుకున్న అంకెలే గాని ఏ ఆసుపత్రివీ కావు. పది మందీ డిశ్చార్జి అయిన రోజునుంచి ఏడాదిపాటు వారిని గమనించాలన్నది మన ఉద్దేశం. మొదటి నెల చివర ఒకరు మళ్లీ చేరారు. రెండో నెలలో ఒకరు సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిపోయారు, ఫోను కలవలేదు. గంజాం జిల్లాలో ఇది ఇంటింటి కథే కాబట్టి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మూడో నెలలో ఇంకొకరు చేరారు. అయిదో నెలలో ఒకరు చనిపోయారు. ఆరో నెలలో ఒకరు చేరారు. ఎనిమిదో నెలలో ఒకరి విషయంలో మన గడువే ముగిసింది, ఎందుకంటే ఆయన ఆలస్యంగా డిశ్చార్జి అయ్యారు. తొమ్మిదో నెలలో ఒకరు చేరారు. మిగిలిన ముగ్గురు ఏడాదంతా ఇంటివద్దే ఉన్నారు.

మీరు కట్టిన పద్ధతిలో పదిమందిలో నలుగురు, అంటే 40 శాతం. కాని సూరత్ వెళ్లినాయనను రెండు నెలలే చూశాం, పన్నెండు నెలలు చూసినట్టు హారంలో నిలబెట్టాం. అలాగని పూర్తిగా చూడలేకపోయిన ముగ్గురినీ తీసేస్తే ఏడుగురిలో నలుగురై 57 శాతానికి పోతుంది. ఆ ముగ్గురూ రెండు, అయిదు, ఎనిమిది నెలలపాటు ఆసుపత్రికి వెలుపల ఉన్నారన్న నిజమైన సమాచారం చెత్తబుట్టలో పడుతుంది. ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మైయర్ అనే ఇద్దరు 1958లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును విప్పుతుంది. ఎవరైనా మళ్లీ చేరిన ప్రతిసారీ, ఆ రోజుకు ఇంకా మన కంటిముందు ఉన్నవారెందరో, వారిలో చేరనివారెందరో చూసి ఆ భిన్నాలను గుణించుకుంటూ పోవాలి. మన పదిమందికి మొదటి నెలలో పదిలో తొమ్మిది, మూడో నెలలో ఎనిమిదిలో ఏడు, ఆరో నెలలో ఆరులో అయిదు, తొమ్మిదో నెలలో నాలుగులో మూడు. వీటిని గుణిస్తే 0.49 వస్తుంది. అంటే ఏడాదిలోపు మళ్లీ చేరే అవకాశం 51 శాతం. ఒకసారి కాగితం మీద మీ చేత్తో వేసి చూడండి. కంప్యూటరుకు అప్పగించేముందు ఒక్కసారైనా ఇలా వేసినవారికి చేరకుండా మిగిలినవారి వాటాను నెలనెలా చూపే గీత ఎందుకు మెట్లు మెట్లుగా దిగుతుందో జీవితంలో మరిచిపోవడం ఉండదు.

అయితే 51 కూడా పూర్తిగా సరి కాదు. చనిపోయినాయనను సూరత్ వెళ్లినాయనతో సమానంగా చూశాం. సూరత్ నుంచి మనిషి తిరిగి రావచ్చు, మళ్లీ చేరవచ్చు. చనిపోయిన మనిషి ఇక ఎన్నటికీ చేరడు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారి ఆయుర్దాయం మిగిలినవారికంటే తక్కువన్నది పలు దేశాల్లో మళ్లీమళ్లీ తేలిన విషయం కనుక, ఈ అధ్యయనాల్లో మరణాన్ని పక్కకు నెట్టకూడదు. ఇలా ఒకటి జరిగితే రెండోది జరిగే వీలే లేకుండా పోవడాన్ని పోటీ ప్రమాదం అంటారు. మరణానికి వేరే లెక్క ఉంచి, చేరికకు వేరే లెక్క కడితే మన ఉదాహరణలో ఏడాదిలోపు చేరికల వాటా సుమారు 47 శాతం, మరణాల వాటా 11, ఏదీ జరగనివారు 42 వస్తారు. ఒకే పదిమందికి 40, 57, 51, 47 అని నాలుగు జవాబులు వచ్చాయి చూడండి. కారణాలను పరీక్షించేటప్పుడు ఈ పోటీని లెక్కలోకి తీసుకునే గణిత నమూనాను (మోడల్‌ను) ఫైన్, గ్రే అనేవారు 1999లో ఇచ్చారు. మీ స్థాయికి అది అందుబాటులోనే ఉంటుంది.

మధ్యలో కనుమరుగైనవారిని సెన్సార్ అయినవారంటారు. సినిమా సెన్సారుతో దీనికి సంబంధం లేదు. ఫలానా రోజువరకు చూశాం, తరవాత తెలియదు అని నిజాయితీగా రాసుకోవడమే సెన్సారింగ్. కాని దీనికింద ఒక ఊహ దాగి ఉంది: కనుమరుగైనవారికీ, మిగిలినవారికీ మళ్లీ చేరే అవకాశం ఒకటే అని. సూరత్‌లో షిఫ్టు పని చేయగలిగినంత ఆరోగ్యం ఉన్నవాడే సూరత్ వెళ్తాడు కదా. మరోవైపు జబ్బు ముదిరి ఇల్లు వదిలి తిరుగుతున్న మనిషి కూడా ఫోనుకు దొరకడు. మొదటివాడివల్ల మన శాతం ఎక్కువగా తేలుతుంది, రెండోవాడివల్ల తక్కువగా తేలుతుంది. ఎవరు ఎందుకు తప్పిపోయారో మీరు కనీసం ఒక మాటైనా రాసి ఉంచుకుంటే, అందరూ బాగున్నారనుకుని ఒకసారి, అందరూ మళ్లీ చేరారనుకుని ఒకసారి లెక్కవేసి, నిజం ఆ రెండింటి నడుమ ఉన్నదని చెప్పగలుగుతారు.

ఇక సరిహద్దు సంగతి. మీ ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైననాటినుంచి పాలనకు ఒక గీత ఉంది, రోగిని భుజాన వేసుకుని బయలుదేరే కుటుంబానికి ఆ గీత లేదు. బస్సు ఎటు దొరికితే అటు, బంధువులెక్కడుంటే అక్కడ, డాక్టరుతో తన భాషలో మాట్లాడగలిగిన చోట. అందువల్ల మొదటి అడ్మిషన్ బరంపురంలోనూ, రెండోది విశాఖపట్నంలోనూ ఉండడం ఇక్కడ మామూలు. మీరు ఒక్క ఆసుపత్రి రిజిస్టరే చూస్తే రెండోది మీకు కనబడదు, ఆ మనిషి కోలుకున్నవారి జాబితాలోకి జారిపోతాడు. సరిహద్దు ఊళ్లలో చేరికలు తక్కువగా కనబడడానికి ఇదొక్కటే చాలినంత కారణం కాగలదు.

రెండు ఆసుపత్రుల రికార్డులు దొరికినా పేర్లు కలవవు. నేను స్వయంగా కొన్ని రోజులు ఇటువంటి పనిలో కూర్చున్నాను. ఒక రిజిస్టరులో విజయలక్ష్మి, మరొకదానిలో బిజయలక్ష్మి. ఒకచోట యశోద, ఇంకొకచోట జశోద. ఒడియాలో వకారం బకారమై, పదాదిని యకారం జకారమై పలుకుతుంది కాబట్టి గుమాస్తా తాను విన్నదే రాశాడు, తప్పు ఆయనది కాదు. మనవాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు, అక్కడ చివరి మాటను ఇంటిపేరుగా ఎక్కిస్తారు. దాంతో రావు అనేది ఇంటిపేరైపోయి అసలు ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది. వయసులు 30, 35, 40 అని గుండ్రంగా ఉంటాయి. ఒకే మనిషి రెండు వరుసల్లో ఇద్దరు మనుషులైపోతుంది. సవర పేర్లయితే మరీ కష్టం. పర్లాకిమిడిలో కూర్చుని సవర భాషను చెవితో విని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారి ఊరివారు మీరు. పేరు పలికినట్టు రాసుకోవడం విలువ మీకు వేరే చెప్పాలా!

ఈ కలిపే పనికి కూడా గణాంక పద్ధతి ఉంది. ఫెల్లెగీ, సుంటర్ అనే ఇద్దరు 1969లో దానికి సిద్ధాంతం ఇచ్చారు. రెండు వరుసలను పక్కపక్కన పెట్టి, కలిసిన ప్రతి అంశానికి కొంత తూకం వేసి, కలవని ప్రతి అంశానికి కొంత తీసేస్తారు. రావు అన్నది కలిస్తే తూకం స్వల్పం, ఎందుకంటే రావులు వేలమంది. అరుదైన ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కలిస్తే తూకం బాగా పెరుగుతుంది. మొత్తం ఒక హద్దు దాటితే ఒకే మనిషి అనుకుంటారు, మరొక హద్దుకు దిగువనుంటే వేరు మనిషి అనుకుంటారు, నడుమ పడినవాటిని మనిషి కూర్చుని చూడాలి. సాఫ్ట్‌వేర్లలో పేర్ల ధ్వనిని పోల్చడానికి సౌండెక్స్ అనే పాత సంకేతం ఉంటుంది. దాన్ని ఇక్కడ నమ్మకండి. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచేస్తుంది, మన పేర్లు తేడా పడేది సరిగ్గా ఆ మొదటి అక్షరం దగ్గరే. వ-బ, య-జ ఒకటేనని ముందుగా మీరే ఒక చిన్న పట్టిక రాసి ఇస్తే అంతకంటే మేలు జరుగుతుంది.

ఈ పనికి పేర్లు అవసరం, పేర్లు బయటికి పొక్కకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా చెప్పింది. నైతిక సమీక్షా సంఘం అనుమతి పత్రంలో రెండో ఆసుపత్రి పేరు కూడా ఉండాలి. కలిపే పని అయిపోయాక పేర్లున్న ఫైలును వేరుచేసి, అంకెల గుర్తులతోనే విశ్లేషణ చేయండి. చిన్న ఊళ్లలో "ఫలానా గూడెం, స్త్రీ, 27 ఏళ్లు, నాలుగు అడ్మిషన్లు" అని అచ్చువేస్తే పేరు లేకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

రిజిస్టరును చదివేటప్పుడు ఇంకొన్ని చోట్ల కాలు జారుతుంది. చట్టం ప్రకారం కొందరిని సెలవు మీద ఇంటికి పంపుతారు. సెలవునుంచి తిరిగి రావడం రీ-అడ్మిషన్ కాదు. జ్వరం వచ్చిందని మెడికల్ వార్డుకు మార్చి వెనక్కి తెచ్చినా కాదు. గడియారం మొదలయ్యేది డిశ్చార్జి రోజునుంచి, చేరిన రోజునుంచి కాదు. డిశ్చార్జి అయిన ముప్పై రోజుల్లోపు చేరికలనే లెక్కించే హద్దు మీద మోజు వద్దు: అమెరికాలో 2012 నుంచి గుండెపోటు, గుండె బలహీనత, న్యుమోనియా వంటి జబ్బులకు ఆ హద్దునుబట్టి ఆసుపత్రులకిచ్చే చెల్లింపుల్లో కోత పెడుతున్నారు కాబట్టి అది ప్రసిద్ధికెక్కింది. మానసిక వ్యాధుల్లో మాత్రలు మానేసిన ప్రభావం చాలాసార్లు నెలల తరవాతగాని బయటపడదు.

అతి ముఖ్యమైన జారుడు మరొకటి. రిజిస్టరులో వంద వరుసలంటే వందమంది కారు. ఒకే యువకుడు రెండేళ్లలో అయిదుసార్లు వచ్చి ఉండవచ్చు. ఆ అయిదింటినీ అయిదుగురిగా లెక్కిస్తే మీ ఫలితాలు ఉన్నదానికంటే ఎక్కువ ఖచ్చితమైనవిగా కనబడతాయి, ఆ ఒక్కడి లక్షణాలే ఆసుపత్రి లక్షణాలై కూర్చుంటాయి. మొదటి చేరిక వరకే చూడడం ఒక దారి. అన్నిటినీ చూడాలంటే పునరావృత సంఘటనల నమూనాలున్నాయి: ఒకదానిలో అన్ని చేరికలనూ ఒకే వరుసలో చూస్తారు, ఇంకొకదానిలో మొదటిసారి చేరే అవకాశానికి, రెండోసారి చేరే అవకాశానికి వేర్వేరు పునాది అంచనాలు ఉంచుతారు. గతంలో ఎన్నిసార్లు చేరాడన్నదే మళ్లీ చేరడాన్ని అన్నిటికంటే నిలకడగా సూచిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి, నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను. మనకు కనబడని బలహీనతలు ఒక్కొక్కరికి ఒక్కొక్క మోతాదులో ఉంటాయని ఒప్పుకుని, వాటికీ చోటు పెట్టే నమూనాలు కూడా ఉన్నాయి. వాటిని గైడు గారి తోడుతోనే ముట్టుకోండి.

కారణాల విషయానికి వస్తే డేవిడ్ కాక్స్ 1972లో ఇచ్చిన నమూనాయే నేటికీ పనిముట్టు. అందులో హజార్డ్ నిష్పత్తి 2 వచ్చిందంటే రెట్టింపు మంది చేరతారని అర్థం కాదు. ఏ రోజు చూసినా, అప్పటిదాకా చేరనివారు ఆ రోజు చేరే వేగం రెట్టింపని అర్థం. ఆ నిష్పత్తి ఏడాది పొడవునా ఒకేలా ఉందా అన్నది తప్పక పరీక్షించాలి. నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షను ప్రభావం దాన్ని కొనసాగించినంతకాలమే ఉంటుంది కదా.

డిశ్చార్జి అయిన నెలలోపు ఓపీకి వచ్చినవారినీ, రానివారినీ పోల్చి, వచ్చినవారు తక్కువగా చేరారని రాయాలని మీకు తప్పక అనిపిస్తుంది. ఆగండి. పన్నెండో రోజునే మళ్లీ చేరినాయనకు ఇరవై ఎనిమిదో రోజు ఓపీ చీటీ ఉన్నా ఉపయోగించుకునే వీలు లేదు. ఆయన తనంతట తానే రానివారి జాబితాలో పడిపోయాడు. వచ్చినవారంటే, వచ్చేదాకా చేరకుండా ఉండగలిగినవారే. పోలిక మొదలుకాకముందే తక్కెడ ఒకవైపు వాలిపోయింది. ముప్పయ్యో రోజుకు ఇంకా చేరనివారినే తీసుకుని గడియారాన్ని అక్కడినుంచి మొదలుపెడితే, లేదా ఓపీకి వచ్చిన రోజునుంచే ఆ మనిషిని వచ్చినవారిలో కలిపితే ఈ దోషం పోతుంది.

కొండమీది గూడేల గురించి చివరిగా ఒక మాట. ఆసుపత్రికి ఉన్న దూరాన్ని నమూనాలో ఒక అంశంగా పెట్టండి, కాని దూరం మేలు చేసిందని చదవకండి. మోహనా వైపు గూడేలనుంచి ఒక రోగిని తీసుకురావడమంటే ఇద్దరు మనుషుల రెండు రోజుల కూలి. వీలైతే మీరు పదిహేను ఇరవై ఇళ్లకు ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపి, మళ్లీ జబ్బు చేసిందా, ఏం చేశారు అని అడిగి తెలుసుకోండి. చిన్న సంఖ్యే అయినా, ఖాళీ గడుల్లో ఏముందో మీ ప్రాజెక్టులో చెప్పేది ఆ పేజీయే.

ప్రశ్న: మా అబ్బాయి ఆరు నెలల కిందట మానసిక విభాగంనుంచి ఇంటికి వచ్చాడు. మాత్రలు వేసుకుంటున్నాడు, తమ్ముడితో కలిసి దుకాణంలో కూర్చుంటున్నాడు. ఇటువంటివారిలో సగంమంది ఏడాదిలోపు మళ్లీ చేరతారని ఎవరో అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. మావాడు ఆ సగంలో ఉన్నాడా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ఆ సగం అన్నది డిశ్చార్జి రోజున నిలబడి, అందరినీ కలిపి చూసిన లెక్క. మీ అబ్బాయి ఆ రోజున లేడు, ఆరు నెలలు దాటి వచ్చాడు. పై జవాబులో నేను కల్పించిన పదిమందినే చూడండి: మొదటిరోజున ఏడాదిపాటు చేరకుండా ఉండే అవకాశం 49 శాతమే, కాని ఆరో నెల చేరికలు కూడా దాటి నిలిచినవారికి మిగిలిన ఆరు నెలలూ చేరకుండా ఉండే అవకాశం 75 శాతం. నిజమైన రోగుల్లో అంకెలు వేరుగా ఉంటాయి, కాని గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేయకూడదన్నది మారదు. పైగా మాత్రలు మానేసినవారినీ, వేసుకుంటున్నవారినీ కలిపేసిన శాతం మీవాడి గురించి చెప్పేది తక్కువ. మాత్రలు ఆపడం మళ్లీ చేరడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. బాగున్నాడు కదా అని డాక్టరుతో మాట్లాడకుండా ఆపవద్దు, తగ్గించవద్దు.

వరసగా రెండుమూడు రాత్రులు నిద్ర తగ్గితే, ఒంటరిగా గొణుక్కోవడం, అనుమానాలు మొదలైతే తరవాతి ఓపీ తేదీదాకా ఆగకుండా తీసుకువెళ్లండి. రాత్రివేళ ఎవరినడగాలో తెలియకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ సేవ, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఒకవేళ మళ్లీ చేర్చవలసి వచ్చినా అది మీ పెంపకం లోపమూ కాదు, వాడి ఓటమీ కాదు. తొందరగా చేర్చి నాలుగు రోజుల్లో కుదుటపరచి తెచ్చుకోవడం, ఇంట్లో నెలలు నలగనివ్వడంకంటే ఎంతో మేలు.

ప్రశ్న: గుణుపురం దగ్గర మేము కొందరం డిశ్చార్జి అయి వచ్చినవారి ఇళ్లకు వెళ్లి చూస్తుంటాం. మావద్ద నలభైమంది వివరాలే ఉన్నాయి. ఇంత చిన్న సంఖ్యతో ఏమైనా చేయవచ్చా? ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా?
— ఒక కార్యకర్త

జవాబు: కొననక్కర్లేదు. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉన్నాయి, నలభైమందికైతే కాగితం, కాలిక్యులేటరు కూడా చాలు. మొదటి జవాబులో చెప్పిన మెట్ల గీత వేయండి. దాని కింద మూడు నెలలకొకసారి ఇంకా ఎందరు మీ దృష్టిలో ఉన్నారో రాయండి, ఎందుకంటే చివరకు వచ్చేసరికి మిగిలేది కొద్దిమందే. నా ఉదాహరణలో నలుగురు మిగిలినప్పుడు ఒక్కరు చేరగానే గీత 66నుంచి 49కి పడిపోయింది. కారణాల జోలికి ఎక్కువగా పోవద్దు: ఒక్కొక్క అంశాన్ని పరీక్షించడానికి కనీసం పది చేరికలైనా ఉండాలన్నది మోటు లెక్కే గాని, ఆ లెక్కన మీకు పదిహేను చేరికలుంటే ఒక్క అంశాన్నే చూడగలరు. మీ బలం వేరే చోట ఉంది. ఇంటికి వెళ్తున్నారు కాబట్టి, ఆసుపత్రికి రానివారు ఎందుకు రాలేదో మీకు తెలుస్తుంది. డిశ్చార్జి అయి వచ్చిన మొదటి వారంలోనే ఇంటిపేరు వారు పలికినట్టుగా, తండ్రి పేరు, ఇంకొక బంధువు ఫోను నంబరు, అవసరమైతే ఏ ఊరి ఆసుపత్రికి తీసుకువెళ్తారో అడిగి రాసుకోండి.